చూడని మాలుకు ధర

పేరు పిలిచేదాకా ఇక్కడే కూర్చోమని చెప్పి సిస్టర్ లోపలికి పోయింది గానీ, సమ్మమ్మలో ఇక్కడ కూర్చున్నది సగమే. ఒళ్లు మాత్రం పెద్ద దవాఖాన వరండాలో, స్కానింగ్ గది ముందరి ఇనుప బెంచీ మీద, కొంగు ఎడమ భుజం మీదుగా నిండా కప్పుకుని బుద్ధిగా ఉంది. మనసు ఎప్పుడో గేటు దాటి, షేర్ ఆటో ఎక్కి, బీట్ బజార్లో దిగి, దుకాణం ముందు ఊడ్చి నీళ్లు చల్లి, కందిపప్పు సంచి మూతి మడత పెడుతోంది. పోతానంటే అడ్డం పడేవాళ్లు మాత్రం ఎవరున్నారు? మొగుడు ఓంకార్ చిట్టీ మీద ముద్ర వేయించుకు రావడానికి కిందికి పోయాడు. ఆయన సంగతి తెలిసిందే, వరుసలో ముందున్న వాళ్లందరినీ మీదే ఊరు, ఈసారి మక్కజొన్న ఎట్లున్నది అని అడగనిదే ముద్ర దాకా చేరడు. ఈలోగా లేచి, చెప్పులేసుకుని, బాత్రూం ఎటువైపని ఎవరినో ఒక మాట అడిగి, మెట్లు దిగిపోతే సరి. కింద గేటు దగ్గర ఆటో అతను 'చౌరస్తా, బీట్ బజార్, ఒక్కలే ఒక్కలు' అని గొంతు చించుకుంటున్నాడు. ఆ ఒక్కలు తానేనేమో అనిపించింది. ఎడమ రొమ్ములో ఏదో కనబడిందట. అది మంచిదో చెడ్డదో పైనుంచి తెలియడం లేదట, సూది పెట్టి లోపలున్నది కొంచెం తీసి చూస్తారట. కనబడింది మిషన్‌కు, తనకు కాదు. చేతికి తగల్లేదు, నొప్పి లేదు, పొద్దున లేచి పప్పు బస్తా ఈ మూల నుంచి ఆ మూలకు ఈడ్చిన మనిషి. ఇంత బలంగా ఉన్నదాన్ని పట్టుకుని మిషన్ చాడీలు చెప్పిందంటే, అది మిషనా, ఆడబిడ్డా?

డాక్టరమ్మ దీప్తి పోయిన నెల చాలానే చెప్పింది, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది, కానీ అందులో ఒక్క మాట సమ్మమ్మ చెవిలోకి దూరి, లోపల గొళ్లెం పెట్టుకుని, మిగతా మాటలను రానివ్వలేదు. గడ్డ. ఆ మాటకు ఇంత బలముంటుందని ఆమెకు ఎన్నడూ తెలియదు. పుట్టిన కాడి నుంచి గడ్డల నడుమ బతికిన మనిషి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, చామగడ్డ, దుకాణంలో ముందు వరుస మొత్తం గడ్డలే, వాటి మీదనే ఇల్లు నిలబడింది, బిడ్డ తేజస్విని కాలేజీకి పోయింది. ఇన్ని గడ్డలను పెంచి పోషించిన చేతికి ఒక చిన్న గడ్డ, అదీ కంటికి కనబడనిది, ఏం లెక్క అని ధైర్యం చెప్పుకుంది. ధైర్యం మనసుకైతే ఎక్కింది గానీ నోటికి ఎక్కలేదు. మరునాడే ఎవరో చంటిపిల్ల తల్లి వచ్చి కిలో ఉల్లిగడ్డ ఇయ్యి సేటమ్మా అంటే, సమ్మమ్మ నోరు ఆ మాట దాకా వచ్చి గుర్రంలాగా ఆగిపోయింది. పక్కకు తిరిగి, 'కొత్త ఉల్లిపాయనా, పాత ఉల్లిపాయనా?' అన్నది. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. అప్పుడే పెసర్లు చూసుకుంటున్న కిషన్ రావు సారు, రిటైరైన పంతులు, కళ్లద్దాల మీద నుంచి చూశాడు.

"ఏందమ్మా, విజయవాడ దిక్కు గిట్ల వియ్యం కుదిరిందా? ఉల్లిగడ్డ ఉల్లిపాయైంది."

అందరూ నవ్వారు, సమ్మమ్మ కూడా నవ్వింది, గల్లా దగ్గర కూర్చున్న ఓంకార్ ఒక్కడే నవ్వలేదు. ఆ సాయంత్రం ఆయనే ఎవరికో ఎల్లిపాయలు పావుకిలో అని కట్టి ఇవ్వడం ఆమె విన్నది. విననట్టు చక్కెర డబ్బా తుడిచింది. అట్లా ఒకరికొకరు చెప్పుకోకుండానే ఆ ఇంట్లో ఒక మాట కనబడకుండా పోయింది. ఆలుగడ్డ కూర ఆలూ కూర అయింది, చామగడ్డ పులుసు వండడమే మానేసింది. సమ్మమ్మ తండ్రి, ఆమె బాపు, చూసి ఉంటే ఏమనేవాడో. మాట మింగితే కడుపుబ్బుతది బిడ్డా, అనేవాడు. అన్నింటికీ ఆయన దగ్గర ఒక మాట ఉండేది.

అసలు ఇదంతా తోడు పోయినందుకు వచ్చింది. దుకాణంలో పప్పులు చెరిగే మల్లవ్వ ఉంది చూడండి, చేట పట్టిందంటే రాయి దానంతట అదే సిగ్గుపడి బయటికొస్తుంది, అంతటి మల్లవ్వకు దవాఖాన అంటే మాత్రం ప్రాణం పోతుంది. బస్తీలో ఫంక్షన్ హాల్ ముందర వ్యాన్ వచ్చింది, నలభై దాటిన ఆడవాళ్లందరికీ రొమ్ము పరీక్ష చేస్తున్నారు, పైసా లేదు, నొప్పి లేకపోయినా చూపించుకోవాలి, నొప్పి వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుంది అని ఆశా వర్కర్ మానస గడప గడపకూ తిరిగి చెప్పింది. మల్లవ్వ చేట కింద పెట్టి కూర్చుంది.

"నేనొక్కదాన్నే పోను సేటమ్మా. రెండు పలకల నడుమ పెట్టి ఒత్తుతరట. నువ్వు తోడు రా. నువ్వు చూపెట్టుకోకున్న మంచిదే, ఊకె నిలబడు."

ఊరికే నిలబడే అలవాటు సమ్మమ్మకు లేదు. ఎట్లాగూ వచ్చాను కదా అని తానూ లోపలికి పోయింది. ఆ పలకలు పూరీలు ఒత్తే మిషన్‌లాగే ఉన్నాయి, పిండి ముద్దకు పాపం ఎట్లుంటుందో ఇన్నేళ్లకు తెలిసింది, ఇక మీద పూరీలను జర మెల్లగా ఒత్తాలి అనుకుంది. బయటికొచ్చి ఇద్దరూ నవ్వుకుంటూ చెరుకు రసం తాగారు. వారం తిరక్కుండా మల్లవ్వకు ఏం లేదని చెప్పారు, సమ్మమ్మను మళ్లీ రమ్మన్నారు. ఆ రోజు మల్లవ్వ చేటలో పప్పు కంటే కన్నీళ్లే ఎక్కువ రాలాయి. నేనే నిన్ను తీస్కపోతి సేటమ్మా, నా పాడు నోరు, అని. ఊకో, పప్పు నానుతాంది, అన్నది సమ్మమ్మ. అట్లా అన్నందుకు మల్లవ్వ ఏడుపులోనే నవ్వింది. ఇప్పుడు తలచుకుంటే ఆ ముఖం గుర్తొచ్చి సమ్మమ్మకూ నవ్వొచ్చింది, బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలామె ఏమయ్యిందమ్మా అన్నట్టు చూసింది. ఏం లేదవ్వా, పప్పు.

వదిన లక్ష్మి, అంటే ఓంకార్ అక్క, సూది సంగతి తెలిసిన మరునాడే నర్సంపేట నుంచి పొద్దున బస్సుకే దిగింది. అరిసెలు తెచ్చింది, అరిసెలతో పాటు ఒక మాట తెచ్చింది. "సూది తాకనియ్యకు సమ్మమ్మా. కదిలియ్యకుంటె అదే పడి ఉంటది. తేనెతుట్టెకు పుల్ల పెడుతరా ఎవలన్న? సూది తగిలిందంటె లోపల్లోపల పాకుతది, మా ఆడిబిడ్డ తోటికోడలుకు గట్లనే అయింది." ఆ తోటికోడలు ఎవరో, ఆమెకు ఏమైందో, ఎప్పుడైందో, వదినకు సగం సగమే తెలుసు. అయినా ఆ సగంలోంచి భయం మాత్రం నిండుగా వచ్చింది. మళ్లీ పోయి డాక్టరమ్మను అడిగితే, అట్ల పాకదమ్మా, అది వట్టి మాట, చూడకపోతేనే ముప్పు, అని మెల్లగా చెప్పింది. డాక్టరమ్మ మాట బుర్రకు ఎక్కింది, వదిన మాట కడుపులో కూర్చుంది. బుర్రకూ కడుపుకూ నడుమ ఎంత దూరమో సమ్మమ్మకు ఈ నెలలోనే తెలిసింది. ఇక ఓంకార్ ఏమన్నాడు? అన్నం ముందర కూర్చుని, ముద్ద చేతిలో పట్టుకుని, తనలో తాను అన్నట్టు, 'సంచికి గొట్టం పొడిచినంక కారకుంట ఉంటదా' అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆ తర్వాత నుంచి పిచ్చి పనులు మొదలుపెట్టాడు. కొత్త కాంటా తెచ్చాడు, బస్తాలు తూచే పెద్దది, పాతది బాగానే ఉండగా. జర నిలబడవే, సరిగ్గ చూపెడ్తాందో లేదో చూద్దాం, అన్నాడు. పొద్దున నిలబెట్టాడు. భోజనమయ్యాక మళ్లీ నిలబెట్టాడు. నేనేమన్న పెసర్ల బస్తనా, అని ఆమె దిగిపోతే, కాంటాను చూడకుండా మూలనున్న బెల్లం గోనెల వైపు చూస్తూ పెదవులు కదిపాడు. కొత్త కాంటా పరీక్షకు మనిషే ఎందుకు, బియ్యం బస్తా లేదా? అప్పుడు అడగలేదు. అడిగితే ఆయన ఏడుస్తాడేమోనని భయం. బీట్ బజార్లో గల్లా మీద కూర్చున్న మనిషి ఏడిస్తే బాకీ అడగడానికి వచ్చినవాడు కూడా భయపడి పోతాడు.

సంచికి గొట్టం పొడవడం ఓంకార్ పెళ్లయ్యాక చూశాడు, సమ్మమ్మ పాలు మరిచిన నాటి నుంచి చూసింది. బాపుకు కేసముద్రంలో అడ్తి దుకాణం ఉండేది, రైతు తెచ్చిన మాలును మార్కెట్ యార్డులో దించి ఖరీదుదారులకు చూపించి అమ్మిపెట్టడం ఆయన పని. రైలు కూతకు యార్డు లేచేది. మక్కల వాసన, గోనెల వాసన, ఎడ్ల మెడలో గంటలు, తర్వాతి రోజుల్లో ట్రాక్టర్ల పొగ. ఖరీదుదారు చేతిలో జానెడంత ఇనుప గొట్టం, మొన కోసుగా, ఒక పక్కన కాలువలాగా తెరిచి ఉండేది. సంచి పక్కలో దాన్ని సర్రున పొడిస్తే గింజలు ఆ కాలువలోంచి జారి అరచేతిలో పడేవి. నలిపి, వాసన చూసి, రెండు గింజలు పంటి కింద వేసుకుని, ధర చెప్పేవాడు. తాలున్నది. పుచ్చున్నది. అన్నింటికంటే పాపిష్టి మాట ఒకటుంది, తేమున్నది. ఆ మాట పడిందా, రైతు ముఖం వాడిపోయేది, తేమ ఎంత శాతమో అడిగి, దానికి ఇంతని తరుగు తీసి ధర కట్టేవారు. ఒకసారి ఏమైందంటే, సారయ్య అని ఒక పెద్దమనిషి, మీసాలున్న రైతు, తన సంచుల ముందర కర్ర అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పొడువనియ్య, నా మాట మీద ధర కట్టుండ్రి, అన్నాడు. చూడని మాలుకు ధరెక్కడిది పెద్దయ్యా, అని ఖరీదుదారులు నవ్వి పోయారు. పోయినవాళ్లు ఊరుకున్నారా? లోపల పురుగున్నట్టుంది అని ఒకడు. అడుగున నానిందట అని ఇంకొకడు. పొద్దెక్కే కొద్దీ ఆ సంచుల ధర దిగుతూనే ఉంది, ఒక్కడూ గింజ చూడకుండానే. మధ్యాహ్నానికి సారయ్యకే అనుమానం వచ్చింది, నిజంగా నానిందేమోనని, తాను ఎండబెట్టిన గింజల మీద తనకే. అప్పుడు బాపు పోయి పక్కన గొంతుక్కూర్చుని బీడీ ఇచ్చి అన్న మాట సమ్మమ్మకు ఇవ్వాళ్టికీ చెవిలో ఉంది.

"సారన్నా, సంచి మూసి ఉన్నంత సేపు నోరున్న ప్రతోడు ధర కడుతడు. తెరిస్తె ఒక్కటే ధర."

సారయ్య కర్ర తీశాడు. గొట్టం దిగింది, పసుపు ముద్దలాంటి మక్కలు జలజలా రాలాయి. ఏముంది, అంతా బాగానే ఉంది, కొంచెం చెత్త తప్ప. ఆ మీసాల మనిషి ఎంత ఏడ్చాడో. తర్వాత బాపు ఆ గొట్టం తన చేతికిచ్చి చూపించాడు, పొడిచిన చోట చిల్లు ఉంది కదా బిడ్డా, దాన్ని అట్లనే వదిలేస్తె కారుతది, మొనతోని గిట్ల ఒకసారి, గట్ల ఒకసారి గీకు. గీకింది. జనపనార పోగులు జరిగి జరిగి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, చిల్లు ఏదో వెతికినా కనబడలేదు. సంచి నోరు మూసుకుంది. ఆ తర్వాత నెల రోజులు సమ్మమ్మ పుల్ల పట్టుకుని కనబడిన ప్రతి సంచికీ నోరు మూస్తూ తిరిగింది, పొడవని సంచులకు కూడా.

అదీ సంగతి. సమ్మమ్మ బెంచీ మీద నిటారుగా కూర్చుంది. ఈ నెల రోజులుగా తన సంచికి అందరూ ధర కడుతున్నారు. వదిన కట్టింది. మల్లవ్వ ఏడ్చి కట్టింది. మొగుడు కాంటా మీద నిలబెట్టి కట్టాడు. వంటింట్లో ఉల్లిపాయ అన్నప్పుడల్లా తానూ కట్టింది, అందరికంటే తక్కువ ధర తనదే. లోపలికి ఒక్కరూ చూడలేదు. పొడిచిన సంచి కారుతుందని ఓంకార్‌కు ఎవరు చెప్పారు? పొడిచి మూయని సంచి కదా కారేది. ఆయన పప్పుల దుకాణం మనిషి, గీకిన సంచులే దుకాణానికి వస్తాయి, చిల్లు మూసిన చేతిని ఆయన చూసి ఉండడు. ఆటో అతను ఇంకా ఒక్కలే ఒక్కలు అంటూనే ఉన్నాడు. ఎంత సేపటి నుంచి ఒక్కలు? ఉన్నవాళ్లతోనే పోవచ్చు కదా, ఎవరన్నా ఎక్కితే బాగుండు, పాపం.

తలుపు తెరుచుకుంది, సమ్మమ్మ ఎవరమ్మా అన్నారు, సరిగ్గా అప్పుడే ఓంకార్ ముద్ర పడిన చిట్టీని పెళ్లిపత్రికలాగా రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. నోటి నిండా సోపు గింజలు. పొద్దున్నుంచి చాయ కూడా తాగకుండా సోపు నములుతున్నాడు.

"భయమైతాందా?" అన్నాడు.

"మీకైతాందా?"

"నాకెందుకైతది," అన్నాడు, చిట్టీని సిస్టర్‌కు బదులు బెంచీ మీది ముసలామెకు ఇస్తూ.

గదిలో చల్లగా ఉంది. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ చేయి తల కిందికి పెట్టించారు, పొలం గట్టు మీద మధ్యాహ్నం కునుకు తీసే మనిషిలాగా. డాక్టర్ దీప్తి చిన్న పిల్ల, తేజస్విని కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో, ఒక చేతిలో స్కానింగ్ పిడి పట్టుకుని చల్లని జెల్లు రాసింది. ఫ్రిజ్‌లో పెట్టిన ఆముదం అనుకుంది సమ్మమ్మ. పక్కన టీవీ, అందులో బూడిద రంగు మబ్బులు, మబ్బుల నడుమ ఒక నల్లటి మడుగు. అదేనా? ఇంత నల్లగా ఉందేం. ధర్మసాగర్ చెరువును రాత్రిపూట గుట్ట మీద నుంచి చూస్తే ఇట్లాగే ఉంటుంది, అందులో చుట్టూ దీపాలు ఉంటాయి, ఇందులో లేవు, అంతే తేడా.

"మొద్దుబారేదానికి చిన్న సూది ఇస్త అమ్మా, చీమ కుట్టినట్టుంటది."

"ఏ చీమ మేడం, నల్లదా ఎర్రదా?"

డాక్టరమ్మ చేయి ఆగింది. "అబద్ధమెందుకు, ఎర్రదే."

ఎర్రదే. కుట్టింది, మండింది, పోయింది. నిజం చెప్పే పిల్ల, చేయి మంచిది. ఇక అసలు సూది, కదలొద్దు, ఊపిరి మామూలుగ తీస్కో, అంటోంది. మామూలుగా అంటే ఎట్లా తీస్తారో సమ్మమ్మకు ఆ క్షణాన గుర్తు రాలేదు. సూది వైపు చూడకూడదని పైకి చూసింది. ఫ్యాను రెక్క మీద బూజు, మల్లవ్వ చూస్తే ఊరుకోదు. ఊపిరి. తేజస్వినికి చెప్పలేదు, పరీక్షలు, అయ్యాక చెబితే తిడుతుంది, తిట్టనీ. ఊపిరి. ఏదో నెట్టుతున్నట్టుంది గానీ నొప్పి కాదు, గోనెలో గొట్టం దిగేటప్పుడు సంచికి ఇట్లాగే ఉంటుందేమో, పాపం ఎన్ని సంచులు. అమ్మా సమ్మక్కా, నీ పేరు పెట్టుకున్నదాన్ని. నలుగురు పిల్లలు పురిట్లోనే పోయాక బాపు మేడారం పోయి మొక్కుకుంటే పుట్టిందట తాను, పుట్టాక తక్కెడలో పెట్టి ఎత్తు బంగారం ఇచ్చాడట. బంగారమంటే బెల్లమే, మేడారంలో బెల్లాన్ని బంగారమనే అంటారు, మనిషి ఎంత తూగితే అంత. పసిపిల్లప్పుడు తాను ఎంత తూగింది, ఒక బెల్లం దిమ్మ కూడా కాకపోవచ్చు, ఇప్పుడు తూచితే దుకాణం ఖాళీ

కాంటా.

ఆ మాట తల లోపల టక్కున మోగింది. పొద్దున ఒకసారి, తిన్నాక ఒకసారి. బెల్లం గోనెల వైపు చూపు, పెదవుల కదలిక. ఓరి ఈ మనిషి. దేవుడికి దండం పెట్టడానికి కూడా ఒక చేత్తో గల్లా పట్టుకునే మనిషి, తిన్నాక మళ్లీ తూచాడంటే ఎందుకు, తక్కువ ఇచ్చినట్టు కాకూడదని, ఎక్కువ తూకమే లెక్క పెట్టుకుందామని. నెల రోజులు తిరిగాడు, మాట్లాడకుండా, సోపు నములుతూ, తన పెళ్లాం ఎత్తు బెల్లం అమ్మకు మొక్కుకుని, మనసులో పేర్చుకుంటూ. నవ్వు కడుపులోంచి లేచింది, ఆపుకుంటే కంటి చివరి నుంచి నీరై చెవిలోకి జారింది.

"కదలొద్దమ్మా. నొప్పైతాందా?"

"లేదు మేడం. బెల్లం."

డాక్టరమ్మ ఏం అర్థం చేసుకుందో, సరే అన్నది. తర్వాత కాసేపు టీవీ వైపే చూసింది. ఆ కాసేపు గది మొత్తం మంచు గడ్డలాగా, చూడండి, మళ్లీ గడ్డే, ఎటు పోయినా వదలదు. సూది వెనక సన్నటి పైపు, పైపు చివర సిరంజి. దాన్ని వెనక్కి లాగుతున్న చప్పుడు. అప్పుడు డాక్టరమ్మ గొంతు, మెల్లగా, పక్కనున్న సిస్టర్‌తో అన్నట్టు:

"నీళ్లే ఉన్నయి."

సమ్మమ్మ గుండె కేసముద్రం యార్డులో దభీమని పడింది. నీళ్లు. తేమున్నది. బాపు ముఖం, సారయ్య మీసాలు, ఖరీదుదారు అరచేతిలో గింజలు వెనక్కి పోయడం, తరుగు, తరుగు, తరుగు. ఎండబెట్టిన మాలే అనుకున్నాం, అడుగున నానింది. బిడ్డ పరీక్షలు కాకముందే. మల్లవ్వ ఎట్లా తట్టుకుంటుంది. దుకాణంలో ఆ మనిషికి ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు.

"అయితె చెడ్డదే కదా మేడం," అన్నది. గొంతు బాగానే వచ్చింది, దానికే ఆశ్చర్యపోయింది.

"చెడ్డదెందుకైతది?" డాక్టరమ్మ నిజంగానే బిత్తరపోయింది. "పోయిన నెల చెప్పిన కదమ్మా. నీళ్లుంటె మంచిది. గట్టిగుంటెనే ఫికర్, అప్పుడు లావు సూదితోని ముక్క తియ్యాల్సొచ్చేది. ఇటు చూడు, టీవీల చూడు."

చూసింది. నల్లటి మడుగు దగ్గరికవుతోంది, ఎండాకాలం చెరువులాగా అంచుల నుంచి లోపలికి, చిన్నదై, సన్నటి గీతై, మబ్బుల్లో కలిసిపోయింది. ఇంత సేపు భయపెట్టింది ఇప్పుడు ఎక్కడుందో వెతికినా లేదు. డాక్టరమ్మ సిరంజి పైకెత్తి చూపించింది, పెసర్లు కడిగిన నీళ్ల రంగు. నెత్తురు లేదు, అది మంచి గుర్తు అన్నది. స్కానింగ్‌లో లోపల కొంచెం మడ్డి ఉన్నట్టు కనిపించింది కాబట్టి ఈ నీళ్లను ల్యాబ్‌కు పంపుతాం, వారంలో రిపోర్టు వస్తుంది, కొన్ని నెలలకు మళ్లీ ఒకసారి వచ్చి చూపించుకోవాలి, కానీ నాకైతే భయం అనిపిస్తలేదమ్మా, ఇది వట్టి నీటి తిత్తి, అన్నది. ఈసారి సమ్మమ్మ ప్రతి మాటా విన్నది. గొళ్లెం తీసి పెట్టింది కదా, అన్నీ లోపలికి వచ్చి కూర్చున్నాయి. సిస్టర్ దూది పెట్టి కాసేపు వేలితో అదిమిపట్టింది, తర్వాత ప్లాస్టర్ అంటించింది, ఒక ముక్క ఇటు అడ్డంగా, ఒక ముక్క అటు నిలువుగా. గిట్ల ఒకసారి, గట్ల ఒకసారి. సమ్మమ్మ ఆ సిస్టర్ చేతిని పట్టుకుని వదల్లేదు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు బిడ్డా. సంచి నోరు మూసినవు."

బయట ఓంకార్ బెంచీ మీద కూర్చోలేదు, గోడకు ఆనుకోలేదు, వరండా నడుమ నిలబడి ఉన్నాడు, వచ్చేపోయే స్ట్రెచర్లకు అడ్డంగా. ముసలామె పక్కకు జరుగయ్యా అని చెప్పీ చెప్పీ విసిగిపోయినట్టుంది. సమ్మమ్మను చూడగానే సోపు నమలడం ఆపాడు.

"ఏమన్నది?"

ఆమె నెమ్మదిగా చెబుదామనుకుంది, అన్నీ వరుసగా. కానీ నోటికి మొదట ఏది వస్తే అది వచ్చింది.

"నీళ్లున్నయట."

ఓంకార్ ముఖం యార్డులో రైతు ముఖమైంది. తల వంచుకున్నాడు. ఎన్నో బస్తాలు కొని, ఎన్నో బస్తాలు అమ్మి, ఆ మాట విన్న ప్రతిసారీ ఆ నోరు ఏ ప్రశ్న అడిగిందో, ఇప్పుడూ అదే అడిగింది, ఆయన ప్రమేయం లేకుండా.

"ఎంత శాతం?"

అడిగాక తానే విన్నాడు. సమ్మమ్మ కూడా విన్నది. నవ్వు వచ్చింది, ప్లాస్టర్ దగ్గర చుర్రుమనేలాగా, గోడ పట్టుకుని నవ్వింది, ముసలామె కూడా ఏమీ తెలియకుండానే నవ్వింది. నీళ్లుంటే మంచిదటయ్యా, గట్టిగుంటేనే ఫికర్ అట, తీసేసిన్రు, టీవీల నా కండ్ల ముందట్నే ఇంకిపోయింది, వారానికి రిపోర్టు, డాక్టరమ్మకైతే భయం లేదట, అని నవ్వుల నడుమ ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఓంకార్ ఆ ముక్కలన్నీ ఏరుకుని, ఒక దగ్గర పెట్టుకుని, అర్థమయ్యాక బెంచీ మీద కూలబడి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. సమ్మమ్మ పక్కన కూర్చుంది. సంచి దించినవాడిని కాసేపు ఊపిరి తీసుకోనివ్వాలి. చాలా సేపటికి తువ్వాలు దిగింది, ముక్కు ఎర్రగా ఉంది.

"ఇగో," అన్నది, "గా నీళ్లు తీసేసిన్రు కద. తూకం తక్కువైతది. మల్ల నిలబడాల్నా కాంటా మీద?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నీకెట్ల తెల్సింది?"

"బెల్లం గోనెల దిక్కు కొత్త పెండ్లికొడుకు లెక్క చూస్తె ఎవలకు తెల్వది?"

"పాత తూకమే," అన్నాడు, చాలా గట్టిగా, ఎవరో బేరమాడుతున్నట్టు. "తిన్నంక చూసిందే. మేడారం అమ్మల దగ్గర తరుగు తీస్తరానె?"

మెట్లు దిగారు. గేటు దగ్గర ఆ ఆటో అతనే, ఇంకా ఒక్కలే ఒక్కలు అంటున్నాడు. ఇద్దరమున్నం, జరుగుండ్రి, అన్నది సమ్మమ్మ. లోపలివాళ్లు గొణుక్కుంటూ జరిగారు. ఆటో కదిలిందో లేదో ఓంకార్ ఫోను మోగింది, దుకాణం నుంచి పర్శరాములు, హమాలీ, అతని గొంతు ఫోనులోంచి ఆటో మొత్తానికి వినబడుతోంది. లోడ్ వచ్చింది సేటూ, ఏడ దించాలె, లోపల్నా, ముందటనా?

"ఏం లోడురా?" అన్నాడు ఓంకార్, తెలిసే.

"ఏం లోడేంది సేటూ, మీరు చెప్పిందే. ఉల్లి, ఉల్లిపాయ." వాడికి కూడా అలవాటు చేశారు పాపం.

ఓంకార్ పెళ్లాం వైపు చూశాడు. సమ్మమ్మ ఎడమ చేయి ప్లాస్టర్ మీద మెత్తగా ఆనించుకుని, కుడిచేత్తో ఫోను అందుకుంది.

"ఉల్లిగడ్డరా," అన్నది, ఆటోలో అందరికీ వినబడేటట్టు. "ఉల్లిగడ్డ. ముందట దించు, అందరికి కనబడేటట్టు. మల్లవ్వకు చెప్పు, వచ్చి చామగడ్డ పులుసు చేస్త, తినే పొమ్మను."